నాంచారయ్య మూసుకున్న పుట

పన్నెండో దిమ్మె, లాకు పుస్తకం

97వ రోజు. పొద్దున ఉప్పు రెండున్నర. సాయంత్రం మూడు.

ఈ పుస్తకంలో ఉప్పు లెక్క తప్ప వేరే మాట రాయకూడదని లాకు పని ఇచ్చిన రోజునే చెప్పారు. పదహారేళ్లుగా రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. నాకు మనసులో మాట చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషి గురించే చెప్పుకోవాల్సి వచ్చింది.

పొద్దున పోటు తగ్గాక లాకు తలుపుకి పట్టిన గుల్లలు గీకాను. మంచినీటి మడుగులోకి ఉప్పునీరు ఎక్కడా ఊరడం లేదని చూసుకున్నాను. గట్టు మీద కూర్చుని, అలవాటు కొద్దీ కంకణం మీద వేలు పెట్టాను. ఇవి మా పెళ్లిలో కట్టిన జంట కంకణాలు. నేను తాకితే నాంచారయ్య నాడి నా మణికట్టు మీద కొట్టుకుంటుంది. నాకు ఒళ్లు వెచ్చబడితే, ఎక్కడో నాచు పెంచే తాళ్ల మధ్య నీళ్లలో ఉన్న అతనికి నాకంటే ముందే తెలుస్తుంది. ఒంటి సంగతులన్నీ రాసుండే అతని పుట నాకూ, నా పుట అతనికీ తెరిచే ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఇంతే.

ఇవాళ నాడి రాలేదు. మళ్లీ తాకాను. అక్షరాలు వచ్చాయి.

"ఈ పుట మూసి ఉంది. ఒక్కరికి మాత్రం తెరిచి ఉంది."

ఆ ఒక్కరు నేను కాదు.

104వ రోజు. ఉప్పు మూడు. గురువారం.

అడిగాను. "కంకణం పాడైందేమో" అన్నాడు, నా మొహం చూడకుండా గిన్నె కడుక్కుంటూ. పాడైతే వెలుగే రాదు. "ఒక్కరికి తెరిచి ఉంది" అని అబద్ధం చెప్పేంత తెలివి కంకణానికి లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. సంక్రాంతి దాటినప్పటి నుంచీ తన లుంగీలు తనే ఉతుక్కుంటున్నాడు. అంతకుముందు ఒక్క గుడ్డ ఉతికి ఎరగడు. ఉక్కగా ఉందని బయట వసారాలో పడుకుంటున్నాడు. ఎండాకాలం ఈ ఏడే కొత్తగా వచ్చిందా? పక్కన కూర్చుంటే కాస్త జరుగుతున్నాడు. చెయ్యి వేస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేస్తున్నాడు. గురువారం గురువారం నాచు బేరమని పడవేసుకుని పోతున్నాడు.

పక్కింటి కోటమ్మ చేపలు ఎండబెడుతూ పిలిచింది.

"మీ ఆయన తొమ్మిదో దిమ్మె మీద కనపడ్డాడే సామ్రాజ్యం. కొత్త చొక్కా ఏసుకుని, తల దువ్వుకుని భలే ఉన్నాడు."

"నేనే వేసుకోమన్నాను" అన్నాను.

ఆ చొక్కా నేను ఎప్పుడూ చూడలేదు.

111వ రోజు. పొద్దున ఉప్పు మూడు. సాయంత్రం నాలుగున్నర. తప్పు నాది.

లాకు వదిలి వెళ్లాను. పదహారేళ్లలో మొదటిసారి. అతని పడవ కనుమరుగయ్యేదాకా ఆగి, కోటమ్మ పడవ అడిగి తీసుకుని వెనకే పోయాను. సముద్రం ఊళ్ల మీదికి ఎక్కి, జనం ఈ దిమ్మెలు కట్టుకోక ముందు ఆ దారంతా వరి పొలాలట. తెడ్డు వేస్తుంటే ఒకచోట మునిగిన మేడ పిట్టగోడ తగిలింది.

తొమ్మిదో దిమ్మె మీద అంగళ్లు దాటాడు. నాచు కొనేవాళ్ల వైపు చూడను కూడా చూడలేదు. చివరనున్న నీలం రేకు గదిలోకి తలుపు తోసుకుని పోయాడు.

ఆ గది ఎవరిదో ఈ పక్క దిమ్మెలన్నింటికీ తెలుసు. ఎస్తేరు సిస్టరుది. సూదులు వేయడం, కుట్లు వేయడం, పురుళ్లు, అన్నీ ఆవిడే. నలభై దాటినా జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. మొగుడు లేడు.

రేకు గోడకి చెవి ఆనించాను. సిగ్గుపడలేదు.

ముందు నీళ్ల చప్పుడు. తర్వాత మా ఆయన ఏడుపు. పిల్లలు పుట్టరని తేలిన రోజు కూడా ఏడవని మనిషి అతను. నాచు తాళ్లు తుపానుకి మొత్తం కొట్టుకుపోయినప్పుడు నవ్వి, "మళ్లీ కడదాంలే" అన్న మనిషి. ఆ ఏడుపు నా ఒళ్లో ఒక్కసారీ రాలేదు. ఆవిడ దగ్గర వచ్చింది.

"ఇంక దాచకండి నాంచారయ్య గారూ. ఇంటావిడకి చెప్పేయండి" అంది ఆవిడ.

"చెప్తే అది తట్టుకోలేదు సిస్టరూ."

ఇంకేం వినాలి? పడవెక్కాను. నేను తిరిగొచ్చేసరికి పోటు ఎక్కేసింది. మడుగులో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పుకల్లులా ఉన్నాయి. దిమ్మె మీది అందరి నారుమళ్లకీ ఇక రెండు రోజులు నీళ్లు ఉండవు. తలుపు బిగించి, అక్కడే కూర్చుని ఉండిపోయాను.

112వ రోజు. ఉప్పు నాలుగు.

మళ్లీ వెళ్లాను. ఈసారి దొంగతనంగా కాదు. ఎస్తేరు ఎవరి వేలికో కట్టు కడుతోంది. వాళ్లు పోయేదాకా నిలబడ్డాను.

"మా ఆయన మీ దగ్గరికి ఎందుకొస్తున్నాడు?"

ఆవిడ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. కుర్చీ చూపించింది. కూర్చోలేదు నేను.

"నా దగ్గరికి ఎవరెందుకొచ్చినా అది నేను చెప్పకూడదండీ సామ్రాజ్యం గారూ."

"ఆయన పుట నాకు మూసి మీకు తెరిచాడు. అవునా?"

"అదీ చెప్పకూడదు."

"మీకు మొగుడు లేకపోతే నా మొగుడే దొరికాడా?"

నోరు జారింది. జారాక తీసుకోవాలనీ అనిపించలేదు. ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు అదోలా చూసింది. జాలిలా ఉంది ఆ చూపు. ఒళ్లు మండిపోయింది.

"చెప్పడం నా చేతిలో లేదండీ. అడగడం మీ చేతిలో ఉంది. కాస్త తొందరగా అడగండి."

తొందరగా అన్న మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. పడవలో వస్తున్నంతసేపూ ఆ మాటే వినపడింది. అయినా నేను తలుచుకున్నది బుగ్గన సొట్టనే.

118వ రోజు. ఉప్పు మూడు.

అడిగాను. అన్నం దగ్గర, ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే.

"నాతో ఉంటావా, ఆవిడ దగ్గరికి పోతావా?"

"ఎవరి దగ్గరికి?"

"ఎస్తేరు. నేను వచ్చాను ఆ రోజు. గోడ పక్కనే ఉన్నాను. నీ ఏడుపు విన్నాను."

ముద్ద కంచంలో పెట్టేశాడు. లేచి తలుపు గడియ పెట్టాడు. కిటికీ మూశాడు. నేను కొడతాడేమో అనుకున్నాను, ఎన్నడూ కొట్టని మనిషిని పట్టుకుని. అతను లుంగీ విప్పి నిలబడ్డాడు.

"చూడు. నువ్వనుకునే రంకు ఇదే" అన్నాడు.

పురుషాంగం కొస మీద, ముందు చర్మం అంచు చీల్చుకుని ఒక పుండు. ఎర్రగా, కోడిజుట్టు పువ్వులా పొరలు పొరలుగా. చుట్టూ వాచి ఉంది. రసి కారుతోంది. దగ్గరికి వస్తే వాసన. ఇన్నాళ్లూ పక్కన ఎందుకు కూర్చోలేదో అర్థమైంది.

నిజం రాస్తాను. నాకు ముందు కలిగింది సంతోషం. వేరే ఆడమనిషి లేదు. ఒక్క క్షణమే అది. ఆ క్షణానికి నన్ను నేను క్షమించుకోలేను. ఆ తర్వాత భయం వచ్చింది. దాని వెంటే మళ్లీ పాత మంటే వచ్చింది. ఇది ఆవిడ ముందు చూసింది. నేను తర్వాత చూశాను.

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది. మొదట కందిగింజంత ఉండేది. చిన్నప్పటి నుంచీ ఆ చర్మం వెనక్కి రాదు కదా, లోపల ఏముందో సరిగ్గా కనపడలేదు. గజ్జి అనుకున్నా. పసుపు రాశాను. ఆముదం రాశాను. ఉప్పునీళ్లలో పని, మానుతుందిలే అనుకున్నా."

"కంకణం చెప్పలేదా?"

"కంకణం నెత్తురు చూస్తుంది, గుండె చూస్తుంది. అక్కడ దాచుకున్నదాన్ని అదేం చూస్తుంది? కళ్లు పెట్టి చూడాలి."

"నాకు కళ్లు లేవా?"

అది వదిలేసి, ఎస్తేరు సంగతి ఎత్తాడు. మాఘమాసంలో కాలికి గుల్ల కోసుకుని ఎస్తేరు దగ్గరికి పోతే, గాయం కడుగుతూ ఆవిడ లుంగీ మీద మరక చూసిందట. "కాలిదేనా ఈ నెత్తురు?" అని అడిగిందట. అడిగింది కాబట్టి చెప్పాడు. ఆవిడ పుండు ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వస్తుందన్న రోజున తన పుట నాకు మూసేశాడు. ఆసుపత్రి ఫలితం పుటలోకి వస్తే నేను చూస్తానని.

"ఏమొచ్చింది?"

"కేన్సర్" అన్నాడు. అని లుంగీ కట్టుకుని, చల్లారిన అన్నం ముందు మళ్లీ కూర్చున్నాడు.

119వ రోజు. ఉప్పు మూడు.

ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు చెప్పడానికి ఆయన ఒప్పుకున్నాడు. నేను టీ ఇచ్చాను. మొన్న అన్న మాటకి క్షమించమని అడగలేదు. ఆవిడా ఎత్తలేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. పుండు చర్మం పైనే ఉండగా వచ్చి ఉంటే పూత మందుతోనో, కాంతితో కాల్చో పోయేది. ఇప్పుడు లోపలికి దిగింది. ఆ కొస భాగం తీసేయాలి. ఆలస్యమైతే గజ్జల్లో బిళ్లలకి పాకుతుంది. అక్కణ్ణుంచి ఒళ్లంతా. ఆసుపత్రి ఓడ 131వ రోజున వస్తుంది, 133న పోతుంది. మళ్లీ రావడం మూడున్నర నెలలకి.

"అప్పటిదాకా ఆగితే?" అన్నాడు నాంచారయ్య.

"ఆగకండి" అంది ఆవిడ. అంతే.

"ఎందుకొచ్చింది ఇది?" నేనడిగాను.

"ఇదే కారణమని ఒకటి చెప్పలేం. చర్మం బిగుసుకుని కింద శుభ్రం కాకపోవడం ఒకటి. చుట్టలు ఒకటి. కొంతమందికి ఒక వైరస్ వల్ల వస్తుంది. ఆడామగా కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. ఆయన ముక్కలో ఆ వైరస్ ఉంది. అందుకే మీరూ గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి."

టీ గ్లాసు కింద పెట్టాను. "ఎవరి నుంచి?"

"అది ఎవరూ చెప్పలేరు సామ్రాజ్యం గారూ. ఇరవై, ముప్పయి ఏళ్లు ఒంట్లో చప్పుడు లేకుండా ఉంటుంది. చాలామందికి వచ్చి, దానంతట అదే పోతుంది, తెలియను కూడా తెలియదు. దాన్ని తప్పుకి సాక్ష్యంగా పెట్టుకోకండి."

పెట్టుకోకుండా ఎలా ఉంటాను?

125వ రోజు. ఉప్పు రెండున్నర.

వారం నుంచి ఒకటే గొడవ. ఓడ ఎక్కనంటాడు. ఎందుకంటే చెప్పడు. "చూద్దాం" అంటాడు. నాలుగో దిమ్మె మీద ఎవరో ఆకు పసరు ఇస్తారంటాడు. ఎస్తేరు చెప్పింది తలకెక్కలేదా అంటే, ఎక్కిందంటాడు.

ఇవాళ నాచు ఆరబెడుతూ అడిగాను. "నాకు ముందు ఎవరున్నారు నీకు?"

"ఎవరూ లేరు."

"తర్వాత?"

"నువ్వే చూస్తూ ఉన్నావుగా. కంకణంలో నా గుండె చూడని రోజుందా నీకు?"

"మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నాచు తాడు చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అతని కంటే ముందు ఒకడున్నది నాకే.

పెద్దిరాజు. నా పందొమ్మిదో ఏట నన్ను చేసుకున్నాడు. పదకొండు నెలలు కాపురం చేశాను. తుపానులో పడవతో సహా పోయాడు. శవం దొరకలేదు. ఆరేళ్ల తర్వాత, అంతా తెలిసే నాంచారయ్య నన్ను చేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ పేరు ఒక్కసారి ఎత్తలేదు. మంచితనం అనుకున్నాను.

131వ రోజు. ఉప్పు రెండున్నర.

ఓడ వచ్చింది. ఎస్తేరు పట్టుబట్టి మమ్మల్నిద్దర్నీ పెద్ద డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. మహబూబ్ బాషా గారట. సన్నటి మనిషి, గొంతు మెల్లన. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

"పూర్తిగా తీయం నాన్నా. పుండు, దాని చుట్టూ కొంచెం. సగం పైనే మిగులుతుంది. నిలబడే మూత్రం పోసుకోవచ్చు. గజ్జల్లో రంగు మందు ఎక్కించి, అది ముందుగా ఏ బిళ్లకి చేరుతుందో చూసి, దాన్ని తీసి పరీక్షిస్తాం. దాంట్లో ఉంటే ఆ పక్కవన్నీ తీస్తాం. అన్నీ కలిపి రెండు వారాలు ఓడలో ఉండాలి."

"మరి..." అని ఆగిపోయాడు మా ఆయన.

డాక్టరుకి అర్థమైంది. "స్పర్శ ఉంటుంది. కోరిక ఉంటుంది. ముందులాగే ఉంటుందని అబద్ధం చెప్పను. ఏమీ ఉండదని మీరు భయపడుతున్నారే, అదీ నిజం కాదు. మీ ఇద్దరూ కలిసి నేర్చుకోవాలి."

"ఆలోచించుకుని చెప్తా" అని లేచాడు.

132వ రోజు. ఉప్పు చూడలేదు.

"నేను పోను" అన్నాడు పొద్దున్నే.

"చచ్చిపోతావయ్యా!"

"పోతే పోతా."

"నేనేమైపోవాలి? ఒకడు సముద్రంలో పోయాడు. రెండోవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి చంపుకోవాలా?"

ఆ మాటకి తోక తొక్కిన తాచులా లేచాడు. "అద్దీ! అదే వస్తుందని తెలుసు నాకు. వాడు. ఎప్పుడూ వాడే."

"నేనెప్పుడన్నాను ఆ పేరు?"

"అనక్కర్లేదే. ఇరవై మూడేళ్లకి పోయాడు వాడు. నీ కళ్లలో వాడికి ఇప్పటికీ ఇరవై మూడే. వాడికి బట్టతల రాదు, చుట్ట దగ్గు రాదు. చచ్చినోడికి ఏదీ తగ్గదు సామ్రాజ్యం. నేను పిల్లల్ని ఇవ్వలేకపోయా. ఇప్పుడు ఇది కూడా కోసి పారేసుకుని వచ్చి నీ పక్కన పడుకుంటే, నువ్వు కళ్లు మూసుకుని ఎవర్ని తలుచుకుంటావు?"

ఇరవై రెండేళ్లు నా పక్కన ఈ కుళ్లు పెట్టుకుని పడుకున్నాడు ఈ మనిషి. నాడి చూసుకున్నాను గానీ, ఇది చూడలేదు. నేను పెద్దిరాజు మొహం గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. ఒడ్డున మూడు రోజులు నిలబడి వెతికింది గుర్తుంది. ఆ గాలి గుర్తుంది. మనిషి గుర్తు లేడు.

ఆ మాట చెప్పాను. నమ్మలేదు. "నా కోసం అంటున్నావు" అన్నాడు.

అప్పుడు లోపలికి పోయి ఈ పుస్తకం తెచ్చి అతని ఒళ్లో పడేశాను.

"చదువు. తొంభై ఏడో రోజు నుంచి చదువు. నేను ఎవరి కోసం కుళ్లిపోయి చచ్చానో చదువు. లాకు వదిలేసి, దిమ్మె మొత్తానికి ఉప్పునీళ్లు తాగించి, గోడకి చెవి పెట్టి నిలబడింది చచ్చినోడి కోసమా?"

వసారాలో కూర్చుని చదివాడు. అతనికి చదువు నెమ్మది. వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివాడు. నేను లోపల బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. ఒకచోట కిసుక్కున నవ్వాడు.

లోపలికొచ్చి, "ఆ చొక్కా తొమ్మిదో దిమ్మె అంగట్లో కొన్నదేనే. పాతదాని మీద మరకైతే" అన్నాడు.

"అదే ముందు చెప్పేడిస్తే ఏం పోయేది?"

నా మణికట్టు అదిరింది. చూశాను. నాడి. తొంభై రెండు కొట్టుకుంటోంది. అది నా గుండె కాదు.

133వ రోజు.

ఓడ ఎక్కాడు. లాకు వదలడానికి లేదు, నేను ఉండిపోయాను. ఎక్కే ముందు, "పుస్తకంలో సిస్టరు గురించి రాసింది మాత్రం ఆవిడకి చూపించకు" అన్నాడు.

134 నుంచి 149 వరకు ఉప్పు మాత్రమే రాశాను. ఆ లెక్క వెనక పేజీల్లో ఉంది.

150వ రోజు. ఉప్పు మూడు.

వచ్చాడు. సన్నబడ్డాడు. ఎడమ గజ్జలో ఒక బిళ్లలో గసగసాలంత కేన్సర్ దొరికిందట. ఆ పక్క బిళ్లలన్నీ తీసేశారు. కుడి పక్క ఏం లేదట. ఎడమ కాలు పొద్దుగూకేసరికి వాస్తోంది, అది ఎప్పటికీ కొంత ఉంటుందన్నారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, రెండేళ్లు. నీళ్లలోకి దిగడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

ఎస్తేరు రోజూ వస్తోంది కట్టు మార్చడానికి. ఆవిడ రాగానే నన్ను బయటికి పొమ్మంటాడు.

156వ రోజు. ఉప్పు మూడు.

ఇవాళ పోలేదు. గడప మీద కూర్చున్నాను.

"పోవే బయటికి" అన్నాడు.

"పోను. నా మొగుడివా, ఆవిడ మొగుడివా?"

ఎస్తేరు చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది. ఎలాగూ నోరు జారింది కదా అని మొత్తం చెప్పేశాను. గురువారాలు, కోటమ్మ పడవ, బుగ్గన సొట్ట, అన్నీ. పుస్తకం చూపించలేదు, మాట ఇచ్చాను కాబట్టి. నాంచారయ్య దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఆవిడ విని, విని, ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

"నా మీద అసూయా? అక్కా, రోజుకి నలభై మందిని బట్టలు విప్పించి చూస్తాను. ఇంటికి పోయేసరికి ఒక్కటి గుర్తుండదు. ఇంద, ఈ కత్తెర పట్టుకో. నాకు మూడో దిమ్మె మీద పురుడుంది. నువ్వు నేర్చుకుంటే నాకు రోజూ గంట మిగులుతుంది."

చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పింది. పాత గుడ్డ తడిపి, లాగకుండా తీయాలని చెప్పింది. తీశాను.

అతను దుప్పటి కిందే ఉన్నాడు. ఊపిరి తీయడం లేదు. కంకణం నూట పది చూపిస్తోంది.

కురచగా ఉంది. కుట్లు నల్లగా, చీమల బారులా ఉన్నాయి. కొస గుండ్రంగా, లేత ఎరుపు. వాసన లేదు. ఏమనిపించిందో రాయాలి. జాలి కాదు. కాలో చెయ్యో దెబ్బ తింటే చూసినట్టే చూశాను. ఇది నా మనిషిది, అంతే. ఉప్పునీళ్ల మందుతో కడిగాను.

"ఎడం పక్క ఇంకొంచెం" అంది ఎస్తేరు. చూసి, "నాకంటే నువ్వే నయం" అంది.

ఆ మాటకి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

171వ రోజు. ఉప్పు రెండున్నర.

నా పరీక్ష ఫలితం వచ్చింది. నాలో ఆ వైరస్ లేదు. మచ్చా లేదు. ఎప్పుడో ఉండి పోయిందో, అసలు లేదో తెలియదంది ఎస్తేరు. పెద్దిరాజు నుంచి నాకూ, నా నుంచి నాంచారయ్యకీ వచ్చిందో, నాకు తెలియని ఇంకేదో దారిలో వచ్చిందో, ఇక ఎవరూ చెప్పలేరు.

ఇంటికొచ్చి చెప్పాను. "మంచిదే" అన్నాడు. నేను అడగలేదు. అతనూ అడగలేదు. అడగాలని నాకు లేదని చెప్పను. ఉంది. నాలుక కొస దాకా వచ్చింది, చింతపండు పిసుకుతూ మింగేశాను.

కోటమ్మ మొగుడు సాయంత్రం వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఎండ గురించి, చేపల గురించి చాలాసేపు మాట్లాడి, ఆఖర్న "అన్నా, నాకూ అక్కడ ఒక పొక్కు ఉంది, మానట్లేదు" అన్నాడు. నాంచారయ్య చెప్పులేసుకుని అప్పటికప్పుడు వాణ్ణి పడవలో ఎస్తేరు దగ్గరికి తీసుకుపోయాడు. "పొద్దున పోదాంలే అన్నా" అంటున్నా వినలేదు. అది వట్టి సెగగడ్డేనట. పూత మందు ఇచ్చి పంపిందట.

243వ రోజు. వాన. ఉప్పు ఒకటి.

మూడు నెలల మొదటి పరీక్ష అయింది. ఓడలో అంతా చూసి, ప్రస్తుతానికి ఏం లేదన్నారు. నెలకోసారి ఇంట్లోనే గజ్జల్లో తడిమి చూసుకోవాలన్నారు. కొత్తగా బిళ్ల కడితే అది కంకణానికి తెలియదు, వేళ్లకే తెలుస్తుంది.

ఎలా చూడాలో నాకు నేర్పించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వాన పడుతుంటే, మంచం మీద వెల్లకిలా పడుకోమన్నాను. ఈసారి దుప్పటి అడగలేదు. కిటికీ కూడా మూయలేదు.

వేళ్ల కొసలు చదునుగా ఆనించి, చిన్న చిన్న చుట్లుగా తిప్పుతూ, కుడి గజ్జ మొత్తం చూశాను. తర్వాత ఎడమ పక్క, కుట్టు మచ్చ పొడవునా.

"ఏమన్నా తగిలిందా?"

"లేదు."

"రెండో పక్క?"

"లేదన్నాగా."

కప్పు మీద వాన గట్టిగా పడుతోంది. నా చెయ్యి అక్కడే ఉంచాను.

"మరి అయిపోతే చెయ్యి తీయవేం?" అన్నాడు.

"నా చెయ్యి. నా ఇష్టం."

పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "ఎస్తేరు చెయ్యి ఇంకొంచెం మెత్తగా ఉండేది."

తొడ మీద గట్టిగా గిల్లాను. "అబ్బా!" అని అరిచి, నవ్వుతూ గోడ వైపు జరిగాడు, నాకు చోటిస్తూ.